ఎనభై ఐదు సెకన్ల తాత

మిన్నీ బే రేవులో ఎవర్ని కదిపినా ఒక ముసలాయన కథ చెప్తారు. సముద్రంలో జీపీఎస్ చూసి ఎనభై ఐదు సెకన్లు అని రాసుకొచ్చాడట. నిమిషానికి అరవై సెకన్లేనని ఆయనకి తెలియదట. చెప్పి నవ్వుతారు. వినేవాడు కొత్తవాడైతే చేతి గడియారం చూపించి మరీ ఇంకోసారి చెప్తారు. ఆయన్ని రేవంతా పచాసీ తాత అంటుంది. పచాసీ అంటే హిందీలో ఎనభై ఐదు. మా దీవుల్లో ఏ ఊరి నుంచి వచ్చినవాడైనా పేరు పెట్టాల్సి వస్తే హిందీలోనే పెడతాడు.

ఆ కథ పుట్టించింది నేను. అది అబద్ధం. తెలియక తప్పు చెప్పింది నేను, ఆయన కాదు. తప్పని తెలిశాక కూడా పదకొండేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే. మూసుకున్నానని కూడా అనలేను, ఆ కథ చెప్పడానికి ఏటా తెరుస్తూనే ఉన్నాను.

నేను గోల్ ఘర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపు మేడ మీద లెక్కల ట్యూషన్ చెప్తాను. ట్యూషన్ మాస్టారంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పుస్తకంలో జవాబులు ముందే అచ్చయి ఉన్న లెక్కల్ని, జవాబు తెలియని పిల్లల ముందు చేసి చూపించి, తనే కనిపెట్టినట్టు ముఖం పెట్టేవాడు. ఇరవై ఏళ్ళు అదే గదిలో అవే లెక్కలు చేస్తే మనిషికి తను తప్పు చేయగలనన్న సంగతి మరుపుకొస్తుంది. నాకు ఐదేళ్ళకే మరుపొచ్చింది.

పదో తరగతిలో రేఖాఖండానికి మధ్యబిందువు కనుక్కోవడం అని ఒక పాఠం ఉంటుంది. అంతకంటే తేలికైన పాఠం ఆ పుస్తకంలో లేదు. రెండు చివరల నిరూపకాలు తీసుకో, అడ్డం అంకెలు రెండూ కలిపి సగం చెయ్యి, నిలువు అంకెలు రెండూ కలిపి సగం చెయ్యి. అయిపోయింది. అయినా ఏటా సగం మంది కలపాల్సిన చోట తీసేస్తారు. దూరం సూత్రంలో తీసివేత ఉంటుంది కాబట్టి ఇక్కడా అదే అనుకుంటారు. వాళ్ళని చూసి "ఇంట్లో అన్నం పంచేటప్పుడు కూడా తీసేస్తార్రా?" అనేవాణ్ణి. నవ్వేవారు. పిల్లల నవ్వు ట్యూషన్ మాస్టారికి సారా లాంటిది. రోజూ కావాలి, ఎవరి పరువు తీసి కాచినా ఫరవాలేదు.

ఆ ముసలాయనది శ్రీకాకుళం వైపు తీరం. కుర్రతనంలోనే ఓడెక్కి వచ్చాడు. తండేలుగా, అంటే జట్టు నాయకుడిగా, ఆయన ఎక్కిన డోంగీ పడవలన్నీ ముక్కలై వంటచెరుకుగా పోయినా ఆయన మాట మాత్రం రేవులో చెల్లుబాటయ్యేది. రెండు పడవల వాళ్ళు ఒక చోటు కోసం తగువు పడితే ఆయన్ని పిలిచేవారు. ఆయన తీర్పు చెప్పేవాడు కాదు. మధ్య ఎక్కడో చూపించేవాడు, అంతే. ఇద్దరూ అక్కణ్ణించి వెనక్కి తగ్గేవారు. "మధ్య నాది కాదు, దేవుడిది. నాను సూపిత్తాను, అంతే" అనేవాడు.

ఆ ఏడు తగువు కొబ్బరి మట్టల గురించి. సీజను మొదలవకముందు మావాళ్ళు కొబ్బరి మట్టలు కట్టలు కట్టి, సిమెంటు దిమ్మలు వేలాడదీసి, సముద్రంలో ముంచుతారు. ఆ నీడకి చిన్న చేప చేరుతుంది. చిన్నదాని కోసం పెద్దది వస్తుంది. రేవుకి తూర్పున నీటి అడుగున రెండు రాతి దిబ్బలున్నాయి. దక్షిణం దిబ్బ మీద ముసలాయన అల్లుడి జట్టు వేటాడేది. ఉత్తరం దిబ్బ మీద ఇంకొకాయన జట్టు. ఈ ఉత్తరం ఆసామికి రెండు డోంగీలు, ఒక ఐస్ గది, నా ట్యూషన్‌లో ఒక కొడుకు ఉండేవారు. ఆ ఏడు రెండు జట్లూ కలిసి ఒకే చోట మట్టలు ముంచుదామనుకున్నాయి. ఎవరి దిబ్బకి దగ్గరైతే వాళ్ళకి లాభం. కాబట్టి సరిగ్గా మధ్యలో ముంచాలి. మధ్య చూపించమని ముసలాయన్ని పిలిచారు.

ఆయన మధ్య కనుక్కునే పద్ధతి అప్పట్లో నాకు కోతి చేష్టలా కనిపించింది. ఒకే సైజు ఇంజను ఉన్న రెండు డోంగీలు తెప్పించాడు. నూనె సమానంగా పోయించాడు. మనుషుల్ని అటూ ఇటూ మార్చి బరువు సరిచేశాడు. దక్షిణం వాళ్ళ మనిషిని ఉత్తరం డోంగీలో, ఉత్తరం వాళ్ళ మనిషిని దక్షిణం డోంగీలో కూర్చోబెట్టాడు, ఎవడూ ఇంజను నొక్కకుండా. పోటు ఆగి ఆటు ఇంకా మొదలవని వేళ చూసుకున్నాడు, నీరు ఎటూ లాగకుండా. గడియారాలు కలుపుకుని రెండు డోంగీలూ చెరో దిబ్బ నుంచి ఒకేసారి బయల్దేరాయి. ఎదురుపడ్డ చోట ఒక ఖాళీ డబ్బా కట్టి లంగరు వేశారు. అక్కడితో ఆపలేదు. మర్నాడు మళ్ళీ నీరు నిలిచే వేళకి డోంగీలు చివరలు మార్చుకుని మళ్ళీ బయల్దేరాయి. ఒక ఇంజను కాస్త బలంగా ఉంటే మొదటిసారి తప్పిన తప్పు రెండోసారి రెండో వైపు తప్పుతుందని ఆయన లెక్క. రెండో చోట రెండో డబ్బా. రెండు డబ్బాల మధ్య తాడు లాగి, ఆ తాడుని సగానికి మడిచి, మడత పడ్డ చోట ఆపి, అల్లుడి డోంగీలో ఉన్న జీపీఎస్ మిషన్ చూడమన్నాడు. అల్లుడు చూసి నోటు పుస్తకంలో రాశాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, నేను పిల్లలకి ఇరవై ఏళ్ళలో చెప్పిన మొత్తం కంటే ఆ తాడు మడతలో ఎక్కువ లెక్కలున్నాయి. అప్పుడు మాత్రం విని, "పెళ్ళి ఊరేగింపులా ఉంది" అన్నాను.

ఉత్తరం ఆసామికి ఆ చోటు నచ్చలేదు. అల్లుడి కోసం ముసలాయన దక్షిణానికి లాగాడేమోనని అనుమానం. నా దగ్గరికి వచ్చాడు. "మాస్టర్ జీ, మీరొకసారి లెక్క వేసి చెప్పండి. చదువుకున్నవాళ్ళు మీరుండగా ఈ తాళ్ళూ డబ్బాలూ ఏంటి?" అన్నాడు. ఇంతకంటే తియ్యటి మాట నేను పుట్టాక వినలేదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని రేవులో వలలు దాచే షెడ్డుకి వెళ్ళాను.

ఒక ముప్ఫై మంది ఉన్నారు. ముసలాయన ఒక వల కుప్ప మీద కూర్చుని చిరుగు కుడుతున్నాడు. నేను ఆయన్ని పలకరించలేదు. రెండు దిబ్బల అంకెలు చెప్పమన్నాను. అల్లుడు నోటు పుస్తకం ఇచ్చాడు. డిగ్రీలు రెండు చోట్లా ఒకటే కాబట్టి వాళ్ళు రాసుకోరు. దక్షిణం దిబ్బకి ఉత్తర దిక్కు అంకె 34 50, తూర్పు అంకె 47 10. ఉత్తరం దిబ్బకి 37 20, 49 30. మధ్యలో చుక్కలు లేవు, ఖాళీ మాత్రం ఉంది. నేను చదువుకున్నవాణ్ణి. డిగ్రీ తర్వాత నిమిషాలు, నిమిషాల తర్వాత సెకన్లు అని నాకు బాగా తెలుసు. ఎవర్నీ ఏమీ అడగకుండా గోడ మీది క్యాలెండర్ చింపి వెనక వైపు లెక్క వేశాను.

తూర్పు అంకెలు కలిపి సగం చేస్తే 48 20 వచ్చింది. ముసలాయన చూపించిన చోటుకి నోటు పుస్తకంలోనూ 48 20. "శభాష్" అన్నాను, చిన్నపిల్లాణ్ణి అన్నట్టు. ఉత్తర దిక్కు అంకెలు కలిపాను. ముప్ఫై నాలుగు యాభై, ముప్ఫై ఏడు ఇరవై. కలిపితే డెబ్బై ఒక్క నిమిషాల డెబ్బై సెకన్లు. డెబ్బై సెకన్లంటే ఒక నిమిషం పది. అంటే డెబ్బై రెండు పది. సగం ముప్ఫై ఆరు ఐదు. క్యాలెండర్ మీద 36 05 అని రాసి కింద రెండు గీతలు గీశాను.

పుస్తకంలో 35 85 అని ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"మద్దెండి" అన్నాడు ముసలాయన, సూది ఆపకుండా.

"ఎనభై ఐదేంటి? సెకన్లు ఎనభై ఐదా?"

"సెకన్లో ఏటో నాకు తెల్దు బాబూ. మిషన్లో అలాగే ఉంది."

"నిమిషానికి ఎన్ని సెకన్లు తాతా?"

ఎవరో వెనక నుంచి "సాఠ్!" అని అరిచారు. నవ్వు మొదలైంది.

"ఏ దేశం గడియారంలో ఎనభై ఐదున్నాయి? నీ చేతికి ఉందా అలాంటిది? ఉంటే నాకూ ఒకటి తెప్పించు, ట్యూషన్ టైము పెరుగుతుంది."

షెడ్డు కూలిపోయేలా నవ్వారు. ముసలాయన సూది ఆపాడు. "మిషన్లో తొంబై కూడా వత్తాది మాస్టారూ. నాను రోజూ సూత్తాను" అన్నాడు.

"అందుకే సెకండ్ హ్యాండ్ మిషన్ కొనొద్దంటారు" అన్నాను.

ఆ మాటతో అయిపోయింది. ఉత్తరం ఆసామి లేచి, "తేడా ఎంతుంటుంది మాస్టర్ జీ?" అని అడిగాడు. మూడు వందల డెబ్బై మీటర్లన్నాను. "ఎటు వైపు?" అన్నాడు. దక్షిణం వైపు అన్నాను. "అల్లుడి వైపు" అన్నాడు, నా వంక కాకుండా జనం వంక చూస్తూ. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. చేతులు దులుపుకున్నాను, సుద్ద లేకపోయినా.

అప్పుడు అల్లుడు చేసిన పని కూడా రాయాలి. అతను లేచి, "నాకేటీ తెల్దు భయ్యా, మావయ్య సెప్పిన అంకె రాసినాను. నన్ను కలపకండి" అన్నాడు. ఆ అంకె మిషన్‌లో తన కళ్ళతో చూసి రాసింది అతనే. ముసలాయన అతని వైపు చూడలేదు. వల మడత పెట్టి, సూది టోపీలో గుచ్చుకుని, వాకిట్లో చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు దొరకడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపూ ఎవరో ఒకరు "పచాసీ, పచాసీ" అంటూనే ఉన్నారు.

మట్టలు నా అంకె దగ్గర ముంచారు. చేప ఉత్తరం జట్టుకి పడింది. ఆ తర్వాత ముసలాయన్ని ఏ తగువుకీ ఎవరూ పిలవలేదు. సొంత అల్లుడి కోసం సముద్రాన్ని పక్కకి జరపబోయాడనీ, అదీ లెక్క రాక దొరికిపోయాడనీ చెప్పుకున్నారు. దొంగ అని ఒక పేరు, తెలివితక్కువ దొంగ అని ఇంకో పేరు. రెండూ నేనే పెట్టాను.

నెల తిరక్కుండానే ఉత్తరం ఆసామి నన్ను సముద్రం మీదికి తీసుకెళ్ళాడు. కృతజ్ఞత అట. మట్టలు ముంచిన చోటికి వెళ్తూ నన్ను మిషన్ పక్కన కూర్చోబెట్టాడు. అంతకుముందు నేను ఆ మిషన్‌ని దగ్గరగా చూడలేదు. దీవిలో పుట్టి, ఓడల్లో తిరిగి, జీపీఎస్ మీద ముప్ఫై మందికి పాఠం చెప్పినవాణ్ణి, దాన్ని చూడటం అదే మొదలు. తెర మీద చివరి రెండంకెలు తిరుగుతున్నాయి. యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. ఇప్పుడు సున్నాకి తిరుగుతుందని చూస్తున్నాను.

అరవై వచ్చింది. అరవై ఒకటి వచ్చింది.

డెబ్బై దాటింది. ఎనభై దాటింది. ఎనభై ఐదు కూడా కనిపించింది, నా వంక చూసి ఆగినట్టే అనిపించింది. తొంభై తొమ్మిది దాకా వెళ్ళి అప్పుడు సున్నాకి తిరిగింది. అవి సెకన్లు కావు. నిమిషాన్ని వంద భాగాలు చేస్తే వచ్చే అంకెలు. రూపాయిలో పైసల్లాంటివి. ముప్ఫై నాలుగున్నర, ముప్ఫై ఏడు పాయింట్ రెండు, కలిపి సగం చేస్తే ముప్ఫై ఐదు పాయింట్ ఎనభై ఐదు. ఆరో తరగతి పిల్లవాడు చేసే కూడిక. నా పాఠంలో నేను చెప్పే సూత్రమే. అరవై సంగతి తెలియనివాడెవడైనా సరిగ్గా చేసేవాడు. తెలిసినవాణ్ణి కాబట్టి తప్పాను. తూర్పు అంకె కలిసింది కూడా నా గొప్ప కాదు, అక్కడ అరవై దాటే పని పడలేదు కాబట్టి కలిసింది. తేడా మూడు వందల డెబ్బై మీటర్లని చెప్పడానికి చేసిన తీసివేతలో మాత్రం, తెలియకుండానే నేనూ వందే వాడాను.

"ఇది అరవై దాటుతోందేంటి భయ్యా?" అన్నాను.

"అరవై ఏంటి మాస్టర్ జీ, వంద దాకా వెళ్తుంది" అన్నాడు ఆసామి, స్టవ్ మీద చేప తిరగేస్తూ.

"మరి ఆ రోజు షెడ్డులో..."

"మీరు చెప్పారు కదా. చదువుకున్నవాళ్ళు. పైగా నాకు మంచిదే చెప్పారు." కన్ను కొట్టాడు. "తినండి, తినండి. మీరు కనిపెట్టిన చోట పడ్డ చేప."

తిన్నాను. బాగుంది కూడా.

ఆ షెడ్డులో ఉన్న ముప్ఫై మందీ రోజూ ఆ అంకెలు తొంభై తొమ్మిది దాకా వెళ్ళడం చూసేవాళ్ళే. ఒక్కడికీ తెలియకపోవడం కాదు. కళ్ళతో చూసిన దాని కంటే ఇస్త్రీ చొక్కా చెప్పింది నమ్మారు. కొందరు నమ్మలేదు, అయినా నవ్వు బాగుంది కదా అని నవ్వారు. వాళ్ళని ఏమనాలో నాకు తెలుసు. కానీ అనడానికి నాకంటే తక్కువవాడు ఎవడైనా ఉంటే బాగుండును.

ఆ సాయంత్రమే ముసలాయన దగ్గరికి వెళ్ళాల్సింది. నడిస్తే పావుగంట. డిగ్నాబాద్‌లో నా ఇంటికి వెళ్ళి, స్నానం చేసి, మధ్యబిందువు తప్పు చేసిన లెక్కల మాస్టారి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారని ఆలోచించుకుని పడుకున్నాను. తర్వాతి ఏడు మధ్యబిందువు పాఠం వచ్చినప్పుడు పిల్లలు తల వాల్చేస్తుంటే, నిద్ర వదిలించడానికి పచాసీ తాత కథ చెప్పాను. బ్రహ్మాండంగా నవ్వారు. ఆ తర్వాత ఏటా చెప్పాను. కథ కూడా నాతో పాటు పెద్దదైంది. ఒక ఏడు ముసలాయన గడియారాన్ని తలకిందులుగా పెట్టుకున్నాడు. ఇంకో ఏడు నాకు దండం పెట్టాడు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళి చెప్పారు. పెద్దయి ఓడల్లో, ఆఫీసుల్లో చెప్పారు. ఒక అబద్ధం ఇంత చక్కగా చదువుకుని ఉద్యోగాల్లో చేరడం నేనెక్కడా చూడలేదు.

మొన్న సీజను ముందు ఒక రోజు ట్యూషన్‌కి మెట్లెక్కబోతూ కింద షాపు దగ్గర ఆగాను. ముసలాయన నైలాను దారం కొంటున్నాడు. చూపు తగ్గినట్టుంది, దారాన్ని వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. షాపు కుర్చీలో కొత్తగా వచ్చిన హిందీ మనిషి. బిల్లు పుస్తకం తీసి, "నామ్?" అన్నాడు.

"పచాసీ లిఖో" అన్నాడు ముసలాయన.

నొచ్చుకుంటూ అనలేదు. వెటకారంగా కూడా అనలేదు. ఎవరైనా తన పేరు చెప్పినట్టే చెప్పాడు. షాపతను రాసుకున్నాడు. అంతే. నేను మెట్ల కింద నిలబడిపోయాను. ఆ రోజు పైన పిల్లలకి ఏం చెప్పానో గుర్తులేదు.

ఇంటికెళ్ళి జరిగిందంతా తెలుగులో ఉత్తరంలా రాశాను. నాలుగు పేజీలు. రాస్తుంటే హాయిగా ఉంది. అందులోనే నా పిరికితనం నాకు దొరికింది. నా దగ్గర చదివి నవ్విన పిల్లలెవరికీ తెలుగు చదవడం రాదు, మాట్లాడతారంతే. నవ్వింది హిందీలో, ఒప్పుకోలు తెలుగులో. ఎవరూ చదవని చోట తప్పు ఒప్పుకోవడం నాలాంటివాడికే తడుతుంది.

అయినా ఆ కాగితాలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. వరండాలో వల కుడుతున్నాడు. "తాతా" అని పిలిచి చేతికిచ్చాను. "కనబడదు మాస్టారూ. సదవండి" అన్నాడు. గొంతు గుర్తుపట్టాడు. చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర చెయ్యెత్తాడు.

"నాకెందుకు సెప్తున్నారు? అది నాకు తెల్దేటి?"

"తప్పు నాది తాతా."

"తెల్సు. ఆ మర్నాడే మిషన్లో సూసినాను, తొంబై వచ్చిందో లేదో అని. నాకే అనుమానమొచ్చింది మరి, అంతమంది నవ్వితే." సూది రెండుసార్లు వేశాడు. "నవ్వినోల్లకి సెప్పండి. కాగితం వొద్దు. రెండు డోంగీలు తెండి."

"డోంగీలెందుకు?"

"మద్దె సూపెడతాను. మీరు పైకి సదవండి."

తిప్పలు పడి రెండు డోంగీలు కుదిర్చాను. అల్లుడు ఒకటి ఇచ్చాడు, మావయ్యకి ఎదురుపడకుండా చుక్కాని దగ్గర వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఉత్తరం ఆసామి, "ఇప్పుడెందుకు మాస్టర్ జీ? ఆ మట్టలు ఎప్పుడో కుళ్ళిపోయాయి" అన్నాడు. కన్ను కొట్టిన సంగతి కూడా పైకి చెప్పమంటావా అన్నాను. డోంగీ ఇచ్చాడు, తనూ వచ్చాడు. అతని కొడుకూ వచ్చాడు. నా పాత విద్యార్థి. నా కథని నాకంటే బాగా చెప్తాడు. రేవులో తీరికగా ఉన్నవాళ్ళు మరో పదిమంది రెండు డోంగీల్లోనూ సర్దుకున్నారు. తమాషా అన్నారు. ముసలాయన వాళ్ళని బరువు చూసి అటూ ఇటూ మార్చాడు.

నీరు నిలిచిన వేళకి బయల్దేరాం. ఎదురుపడ్డ చోట డబ్బా వేశాం. మర్నాడు చివరలు మార్చుకుని మళ్ళీ వేశాం. తాడు లాగారు. ముసలాయన తాడుని రెండు చేతులతో తడుముతూ సగానికి మడిచాడు. గుర్తు కోసం చూసే తీరం కొండల వైపు ముఖం తిప్పాడు, కనిపిస్తాయనో, అలవాటు కొద్దో. "ఇక్కడ" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. పడవలో నిలబడటం నాకు చేతకాదు. ఒక చేత్తో కప్పు కడ్డీ పట్టుకున్నాను. అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాను. ఆ రోజు షెడ్డులో నేను చెప్పిన అరవై తప్పని, ఈ మిషన్ వందకి లెక్క చూపిస్తుందని, తాత చూపించిందే మధ్య అని, నేను చూపించింది మూడు వందల డెబ్బై మీటర్లు ఉత్తరానికి తప్పిపోయిన చోటని. నెల లోపే నాకు తెలుసని కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నేను సాయపడితే తప్ప నవ్వలేని జనం.

"సదవండి" అన్నాడు ముసలాయన.

తెర వైపు వంగాను. ముప్ఫై ఐదు. దాని తర్వాత ఎనభై ఐదు ఉండాలని నా ప్రాణం కొట్టుకుంది. లేదు. ఎనభై ఎనిమిది ఉంది.

ఒక్క క్షణం, నేను నేనే కాబట్టి, ఎనభై ఐదనే చదువుదామనుకున్నాను. ఆయనకి కనిపించదు. మిగిలినవాళ్ళు దూరంగా ఉన్నారు. ఆయన మేలు కోసమే కదా అనుకున్నాను. పదకొండేళ్ళ క్రితం కూడా ఏదో మేలు కోసమే అనుకుని ఉంటాను.

"ముప్ఫై ఐదు, ఎనభై ఎనిమిది" అన్నాను.

ఉత్తరం ఆసామి కొడుకు ఆగలేకపోయాడు. "అట్ఠాసీ! తాతకి ప్రమోషన్ వచ్చింది రా!" అన్నాడు. అప్పుడు నవ్వారు, అల్లుడితో సహా. ముసలాయన కూడా నవ్వాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"మూడు తప్పింది" అన్నాడు, అందరికీ వినపడేలా. "తప్పు నాదే. రెండో డబ్బా కాడ తాడు వొదులుగా ఒట్టుకున్నాను. ముసిలోన్ని." తాడు మళ్ళీ చేతిలోకి తీసుకుని, కొసలు సరిచూసుకుంటూ, "కాస్త దచ్చినానికి పోనీరా అల్లుడూ" అన్నాడు.

అల్లుడు ఇటు తిరిగి ఇంజను తిప్పాడు. నేను అంకెలు పైకి చదువుతూ నిలబడ్డాను. ఎనభై ఏడు. ఎనభై ఆరు.